వెనక సీటు ఎవరికి?

ఆ శుక్రవారం పొద్దున అర్మాస్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, పట్నం వెళ్ళి, కొత్త మంచు బండి కొనుక్కుని, వెలుతురు ఉండగానే ఇంటికి చేరాలి. పాత బండి క్రిస్మస్‌కు ముందే ప్రాణం విడిచింది. దాన్ని కట్టెల కొట్టం వెనక నిలబెట్టి, టార్పాలిన్ కప్పి, ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డాడు. సరస్సు ఒడ్డునున్న హౌకియార్వి ఊళ్ళో చలికాలం బండి లేనివాడంటే చెప్పులు లేనివాడి కింద లెక్క. సరస్సు మీద మంచుగడ్డ కింద వేసిన వలలు తీయాలన్నా, అడవిలోంచి కట్టెలు తేవాలన్నా, అవతలి ఒడ్డున చుట్టాలింటికి కాఫీకి పోవాలన్నా బండి ఉండాల్సిందే.

ఇక తేలవలసింది ఏ బండి అన్నదే. దుకాణంలో రెండు ఉన్నాయి. ఒకటి స్పోర్ట్స్ బండి. ఒంటి సీటు, తేలికైన ఒళ్ళు, కళ్ళు చెదిరే పసుపు రంగు. నిలబెట్టి ఉంచినా ఎక్కడికో పోతున్నట్టే ఉంటుంది. రెండోది టూరింగ్ బండి. మంచు మీద బండిని తోసే పొడుగాటి పట్టా, పెద్ద అద్దం, ఇద్దరు కూర్చునే సీటు, వెనక కూర్చున్నవాళ్ళు వీపు ఆనించుకోవడానికి మెత్త, పట్టుకోవడానికి వెచ్చబడే పిడులు కూడా. అర్మాస్ కళ్ళకు అది సోఫాకు స్కీలు తొడిగినట్టు కనిపించింది.

"ఉండేది మనిద్దరం. ఇద్దరు కూర్చునేదే తెచ్చుకుందాం," అంది అతని భార్య హెల్వి, కాఫీ పోస్తూ.

"నువ్వెప్పుడూ బండి వెనక కట్టిన స్లెడ్జిలో కూర్చుంటావు కదా."

"కూర్చుంటున్నా, ముప్పై ఏళ్ళ నుంచీ. నీ బండి పొగ మింగుతూ, నీ పట్టా ఎగజిమ్మిన మంచు మొహాన కొట్టించుకుంటూ, చేపల బుట్ట పక్కన ఇంకో బుట్టలాగా."

"అందులో రెయిన్‌డీర్ తోలు పరిచాను కదా."

"అది చేపల కోసం పరిచావు."

"మరి నేనూ నడుపుతానని నువ్వంటే, పాత బండి మొండిది, నీ మాట వినదని నేనే వద్దన్నాను. నీ మంచికే."

"అవును, నా మంచికే," అంది హెల్వి.

టూరింగ్ బండి మీద అర్మాస్‌కున్న అభ్యంతరం పైకి చెప్పుకునేది కాదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో తను సోఫా తోలుకుంటూ ఊళ్ళోకి వస్తే కౌకో చూస్తాడు.

కౌకో సరస్సు ఒడ్డునే ఐదిళ్ళ అవతల ఉంటాడు. పెళ్ళికి ముందు ఒక వేసవి అంతా హెల్వి డాన్సు వేదిక మీద అతనితోనే టాంగో ఆడింది. మరుసటి వేసవి అర్మాస్‌ని పెళ్ళి చేసుకుంది. కౌకో ఇప్పటిదాకా ఎవరినీ చేసుకోలేదు. అది తన మీద పంతంతోనేననీ, ఎప్పటికైనా సందు దొరక్కపోతుందా అని కాచుక్కూర్చున్నాడనీ అర్మాస్ గట్టి నమ్మకం. పెళ్ళాం ఉంటే పొద్దున్నే మాట్లాడుతుంది, అందుకే చేసుకోలేదని కౌకో చెప్పి ఉండేవాడు, కానీ అతన్ని ఎవరూ అడగలేదు. మొన్న జనవరిలో అతనికి తుంటి ఎముక మార్చారు. ఇప్పుడు రెండు కర్రలు పట్టుకుని నడుస్తున్నాడు. ఊరంతా పాపం అంటుంటే అర్మాస్ ఒక్కడే, కొత్త తుంటితో మళ్ళీ టాంగో మొదలెడతాడేమోనని గుబులు పడ్డాడు.

"సరేలే. నీకు నచ్చింది నువ్వు కొనుక్కో," అంది హెల్వి చివరికి.

పెళ్ళయిన మగవాడెవడైనా ఈ మాట వినగానే కప్పు కింద పెట్టి కాసేపు ఆలోచించాలి. అర్మాస్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

దుకాణం తెన్హోది. సరుకును పొగిడి అమ్మడం అతనికి చేతకాదు. ఆ ప్రాంతంలో అది ఎవరికీ చేతకాదు కాబట్టి వ్యాపారం బాగానే నడుస్తుంది.

"ఈ పసుపుది వేగంగా పోతుందా?" అడిగాడు అర్మాస్.

"పోతుంది."

"ఆగుతుందా?"

"చాలావరకు ఆగుతుంది. కాకపోతే తేలిక బండి, పొట్టి పట్టా. మెత్తటి మంచులోకి తీసుకుపోకు."

"నాకు చెబుతున్నావా?" అని అర్మాస్ పసుపు బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, ముందుకు వంగి చూశాడు. పదేళ్ళు తగ్గినట్టనిపించింది. అప్పుడు అతని చూపు పక్కకు పోయింది. టూరింగ్ బండి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"అదేమైంది?"

"అమ్ముడుపోయింది."

"ఎవరు కొన్నారు?"

"చెప్పొద్దన్నారు." తెన్హో తల గోక్కున్నాడు. "సాయంత్రం నీ బండితోపాటు దాన్ని కూడా మీ ఊరికే తేవాలి. కౌకో షెడ్డులో దింపమన్నారు."

చెప్పేశాక నాలిక కరుచుకున్నాడు. కానీ అప్పటికే అర్మాస్ మొహంలో పదేళ్ళూ తిరిగి వచ్చేశాయి, వెంట ఇంకో ఐదింటిని తెచ్చుకుని.

ఇంటికి వెళ్ళే దారంతా ఒకటే ఆలోచన. ఒంటరి మనిషికి రెండు సీట్లెందుకు? ముందు సీట్లో కౌకో కూర్చుంటాడు, బాగానే ఉంది. మరి వెనక సీటు ఎవరికి? రెండు సీట్ల బండి కావాలని ఊళ్ళో నోరు తెరిచి అడిగిన మనిషి ఒక్కతే ఉంది. పొద్దున ఆమె తనకు కాఫీ పోస్తూ అడిగింది, తను కాదన్నాడు.

సాయంత్రం తెన్హో ట్రాలీ పసుపు బండిని ముంగిట్లో దింపి, మిగిలిన సరుకుతో కౌకో ఇంటివైపు పోయింది. హెల్వి గుమ్మంలోకి వచ్చి కొత్త బండిని చూసింది.

"బాగుంది. దూరం నుంచి కూడా కనబడుతుంది," అంది.

తిట్టలేదు, దెప్పలేదు. లోపలికి పోయి గిన్నెలు కడుగుతూ ఏదో టాంగో పాట కూనిరాగం తీసింది. అర్మాస్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రాత్రి కొత్త మంచు పడింది. హౌకియార్విలో పొద్దున్నే కొత్త మంచు మీద జాడలు చదవడం కాఫీ కన్నా ముందు జరిగే పని. నక్క ఎవరి కోళ్ళగూడు చుట్టూ తిరిగింది, ఎవరు ఎవరింటికి వెళ్ళారు, ఎంతసేపు కూర్చున్నారు, వచ్చేటప్పుడు కాలు తడబడిందా, అంతా అందులో ఉంటుంది. ఊళ్ళో అందరూ చదవగలరు. అందరికన్నా బాగా చదవగలనని అర్మాస్ గర్వం.

కాఫీ కాగానే హెల్వి "కాస్త నడిచొస్తా" అని బయటికి వెళ్ళింది. అర్మాస్ కాసేపు ఆగి వెనకే పసుపు బండి తీశాడు. ఆమె బూట్ల అడుగున అరిగిన చోట టైరు ముక్క అతికించింది అతనే. ఆ అతుకు ముద్ర ఎక్కడున్నా గుర్తుపడతాడు. అది కాఫీ అంగడి దగ్గర ఆగలేదు, చర్చివైపు పోలేదు. ఒడ్డు వెంటే నేరుగా కౌకో ముంగిట్లోకి పోయింది.

షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల బండి లేదు. బయట, మంచు మీద పొడుగాటి వెడల్పాటి పట్టా జాడ సరస్సులోకి దిగిపోయింది. జాడ మొదట్లో ఒక పక్కన టైరు అతుకు బూట్ల ముద్రలు ఉన్నాయి. అదే పక్కన, కాస్త వెనకగా పెద్ద బూట్లు, వాటికి అటూ ఇటూ కర్రలు గుచ్చిన చిల్లులు ఉన్నాయి. తర్వాత బూట్లూ లేవు, చిల్లులూ లేవు. ఇద్దరూ ఎక్కారు, ఇద్దరూ పోయారు.

అర్మాస్ ఆ జాడను మళ్ళీ మొదటినుంచీ చదివాడు. లోపల పాత మంట ఒకటి రాజుకుంది. ఈ మంటకు పేరు అతనికి తెలుసు, ముప్పై ఏళ్ళుగా తెలుసు. కాకపోతే ఇన్నాళ్ళూ అది బూడిద కింద ఉండేది.

ఎలాగైనా వాళ్ళు ఇక్కడికే తిరిగిరావాలి. కళ్ళారా చూసి తేల్చుకోవాలనుకున్నాడు. కౌకో ముంగిట్లో దాక్కోవడానికి చోటు లేదు. పక్కిల్లు ఇంపి అనే ఆమెది. ఆ ఇంటి వెనక కట్టెల కొట్టం చాటున నిలబడితే కౌకో షెడ్డు కనిపిస్తుంది. బండి తీసుకుపోయి అక్కడ పెట్టాడు. కాసేపటికి కాళ్ళు గడ్డకట్టి, సరస్సు దాకా ఒక చుట్టు చుట్టి మళ్ళీ వచ్చి పెట్టాడు. ఓపిక పట్టలేక ఇంకోసారి పోయి, మళ్ళీ వచ్చాడు. ఊరందరి జాడలూ చదివే ఆ మనిషికి తన బండి కూడా జాడ వదులుతుందన్న సంగతి ఎందుకో తట్టలేదు. పైగా ఊళ్ళో అలాంటి బండి అదొక్కటే. దాని పొట్టి పట్టా జాడ మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఒక విధవరాలి వంటింటి కిటికీ కింద ఆగింది.

కిటికీ తెరుచుకుంది. ఇంపి తల బయటికి పెట్టింది. ఊళ్ళో ఉన్న ఒక్క కాఫీ అంగడి ఆమెదే, ఆ ఇంటి ముందు గదిలోనే. అంటే ఊళ్ళో వార్తలన్నీ ఆమె దగ్గరే దిగి, మళ్ళీ ఆమె దగ్గరే బయల్దేరతాయి.

"అర్మాస్, తలుపు ముందు వైపుంది."

"తెలుసు."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

అర్మాస్ అటూ ఇటూ చూశాడు. చెప్పుకోవడానికి ఏదీ కనబడలేదు. పైకి చూశాడు. ఇంపి ఇంటి కప్పు మీద నిలువెత్తు మంచు పేరుకుని ఉంది.

"నీ కప్పు చూస్తున్నా. బరువెక్కువైంది. కూలుతుందేమోనని భయంగా ఉంది."

ఇంపి మొహం మెత్తబడింది. "రేనో పోయాక నా కప్పు గురించి అడిగిన దిక్కు లేదు నాకు," అంది. రేనో ఆమె మొగుడు. "పార కొట్టంలోనే ఉంది. నిచ్చెన పట్టుకుంటాలే, ఎక్కు."

ఎక్కక తప్పలేదు. ఎక్కాక చూస్తే, కప్పు మీదినుంచి కౌకో షెడ్డేమిటి, సరస్సంతా కనబడుతోంది. అర్మాస్‌కు హుషారొచ్చింది. ఒక పార మంచు తోయడం, ఒకసారి సరస్సువైపు చూడడం, ఇలా సాగింది పని. శనివారం కాబట్టి అంగడికి వచ్చేవాళ్ళు ఎక్కువ. వచ్చినవాళ్ళందరూ కింద ఆగి పైకి చూశారు.

"అర్మాస్, మీ సౌనా కప్పు దులిపావా?" అడిగాడొకడు, పెరట్లోని ఆవిరి స్నానపు గదిని ఉద్దేశించి.

"చూడాలి."

"హెల్వి రెండు వారాలనుంచీ చెబుతోందటగా?"

"చూస్తానంటున్నాగా."

"ఆహా," అన్నాడతను. ఆ ఊళ్ళో ఆహా అంటే చాలా పెద్ద మాట. అది సాయంత్రంలోగా ఇంటింటికీ చేరింది.

అప్పుడు కనబడింది బండి. సరస్సు అవతలి నుంచి టూరింగ్ బండి మంచు ఎగజిమ్ముకుంటూ వచ్చేస్తోంది. రెండు హెల్మెట్లు, ఒకటి ముందు, ఒకటి వెనక. వెనకున్న మనిషి ముందున్న మనిషిని కరిచి పట్టుకుని ఉన్నట్టు తోచింది. సరిగ్గా చూద్దామని అర్మాస్ కప్పు అంచుకు వచ్చి ముందుకు వంగాడు. అతను వంగితే మంచు కూడా వంగింది. ఇద్దరూ కలిసి కిందికి దిగారు.

ఇంపి అతన్ని మంచులోంచి తవ్వి తీసి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. తడి బట్టలు ఆరేసి, రేనో స్వెట్టర్ తెచ్చి తొడిగింది. ఆ స్వెట్టర్ ఊరందరికీ తెలుసు. ఎర్రటి ఉన్ని మీద రెండు దుప్పులు. కుట్లు లెక్క తప్పి ఇంపి ఒకదానికి ఐదు కాళ్ళు అల్లింది. రేనో బతికున్నన్నాళ్ళూ దాన్ని తప్ప వేసుకోలేదు.

"రేనోకి కూడా భుజాల దగ్గర ఇలాగే బిగుతుగా ఉండేది," అంది ఇంపి, వేడి కాఫీ, యాలకుల రొట్టె ముందు పెడుతూ. ఎప్పుడు పెట్టుకుందో తెలీదు, చెవులకు కమ్మలున్నాయి. అర్మాస్ కాఫీ ఒక్క గుక్కలో తాగి నాలిక కాల్చుకుని, తడి బట్టలు చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి హెల్వి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతోంది. గాలికి బుగ్గలు ఎర్రబడ్డాయి. కళ్ళు మెరుస్తున్నాయి. ఎన్నేళ్ళయిందో ఆమెను అలా చూసి. ఆ మెరుపు తన వల్ల రాలేదన్నది అర్మాస్‌కు ముల్లులా గుచ్చుకుంది.

"ఎక్కడికెళ్ళావు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"నడవడానికి," అంది హెల్వి.

"గాలికి," అన్నాడు అర్మాస్.

హెల్వి కళ్ళు అతని ఛాతీ మీద నిలిచాయి. ఐదో కాలు దగ్గర ఆగాయి.

"అది రేనో స్వెట్టర్ కదూ."

"చలేసింది."

అంతే మాట్లాడుకున్నారు. బంగాళదుంపలు ఉడికేలోగా హెల్వి చెత్త పడేసి వస్తానని వెళ్ళి, చెత్త పడేసే చోటు దాటి ఇంపి ఇంటి వెనక్కి పోయింది. ఆమె కూడా ఆ ఊరి మనిషే, జాడల చదువు వచ్చు. పొట్టి పట్టా జాడ మూడు రాకలు, మూడు పోకలు, కిటికీ కింద మగ బూట్లు, దులిపి తళతళలాడుతున్న కప్పు, అన్నీ చదువుకుని వచ్చి, దుంపల మీద ఉప్పు రెండుసార్లు వేసింది.

శనివారం సాయంత్రం సౌనా కాచారు. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఇద్దరూ విడివిడిగా వెళ్ళారు. అర్మాస్ ఒంటరిగా బల్ల మీద కూర్చుని వేడి రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆవిరి లేచింది. వీపు రుద్దేవాళ్ళు లేరు. పైన మంచు బరువుకు కప్పు వాసాలు కిర్రుమన్నాయి. హెల్వి వెళ్ళిపోతే ఏంచేయాలో అతనికి తెలియలేదు. ఏడుపు వచ్చింది. అసూయగా ఉన్నంతసేపూ కోపంతో బానే ఉన్నాడు గానీ, ఇప్పుడు భయం పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఆమె వెనక స్లెడ్జిలో కూర్చుంటే ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదని గుర్తొచ్చింది. ఉందిలే అనుకున్నాడు.

ఆదివారం సరస్సు మీద గాలాల పోటీ. మంచుగడ్డకు కన్నం వేసుకుని, ఎవరి పీట మీద వాళ్ళు కూర్చుని, మాట్లాడకుండా చేపలు పట్టాలి. ఊళ్ళో అందరికీ ఇష్టమైన పండగ అది, ముఖ్యంగా మాట్లాడనక్కర్లేదు కాబట్టి. పొద్దున హెల్వి "నువ్వు పద, నేను నా దారిన వస్తా" అంది. నా దారి అన్న మాట అర్మాస్‌ను చీల్చేసింది.

అతను కన్నం వేసుకుని కూర్చున్నాడు. ఇంపి కాఫీ ఫ్లాస్కు, రొట్టెల బుట్ట పట్టుకుని అందరిమధ్యనుంచీ నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"కప్పు బ్రహ్మాండంగా దులిపావు, అర్మాస్. వచ్చే వారం పొగగొట్టం చూద్దువుగాని."

చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ తమ కన్నాల్లోకి మరింత శ్రద్ధగా చూశారు. అర్మాస్ చెవులు స్వెట్టర్ రంగులోకి తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఒడ్డున మోటారు చప్పుడైంది. టూరింగ్ బండి కౌకో షెడ్డులోంచి వచ్చి సరస్సులోకి దిగింది. అదే రెండు హెల్మెట్లు. ఊరందరూ చూస్తుండగానే అది పోటీవైపు రాకుండా ఏరు వచ్చి కలిసే వైపు మలుపు తిరిగి, సరస్సు మధ్యనున్న దీవిదాకా పోయే దారి పట్టింది.

అర్మాస్ గాలం పారేసి లేచాడు. పసుపు బండి ఎక్కి, పూర్తి వేగం పెట్టి, వాళ్ళకు అడ్డం పడడానికి నేరుగా కోసుకుంటూ పోయాడు.

ఏరు సరస్సులో కలిసే చోట గట్టి మంచుగడ్డకూ, పైన పడ్డ మంచుకూ మధ్య నీళ్ళు నిలుస్తాయి. పైకి చూస్తే తెల్లగా, చదునుగా, అమాయకంగా ఉంటుంది. అందుకే అక్కడ దారి పొడుగునా భూర్జ చెట్టు కొమ్మలు పాతి హద్దు పెడతారు. ఆ కొమ్మలను ఏటేటా తన చేత్తో పాతేది అర్మాసే. కొమ్మ దాటితే గతేమిటో పిల్లలకు బెదిరించి మరీ చెప్పేదీ అతనే. ఆ రోజు తను పాతిన కొమ్మల్లో రెండింటిని విరగ్గొట్టుకుంటూ లోపలికి పోయాడు.

బండి మొదట నెమ్మదించింది. తర్వాత మూలిగింది. తర్వాత కూర్చుంది. అర్మాస్ దిగాడు, మోకాళ్ళ దాకా చల్లటి బురదనీళ్ళలోకి. కింద గడ్డ గట్టిగానే ఉంది, ప్రాణానికి ఏమీ కాదు. పరువు సంగతే అనుమానం. పోటీలో గాలం వదిలి లేచినవాళ్ళు ఓడినట్టే కాబట్టి ఎవరూ లేవలేదు. అందరూ పీటలు మాత్రం ఇటు తిప్పుకుని కూర్చున్నారు. ఇంపి పోటీలో లేదు కాబట్టి నడిచే వచ్చింది.

టూరింగ్ బండి వెనక్కి తిరిగి, కొమ్మల హద్దు తప్పకుండా వచ్చి, దగ్గర్లో ఆగింది.

"కౌకో, దిగరా," అన్నాడు అర్మాస్. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "దిగి మొహం చూపించు."

వెనక సీట్లో మనిషి నెమ్మదిగా ఒక చెయ్యి ఎత్తాడు. రెండో చెయ్యి వెచ్చటి పిడిని వదలలేదు. హెల్మెట్ అద్దం పైకి తోశాడు. కౌకోయే. మొహం పాలిపోయి ఉంది.

"నేనిక్కడున్నా. దిగలేను, కాళ్ళు వణుకుతున్నాయి."

అర్మాస్ వెనక సీటువైపు చూశాడు. తర్వాత ముందు సీటువైపు చూశాడు. ముందున్న మనిషి హెల్మెట్ తీసింది. హెల్వి జుట్టు సర్దుకుంది.

"ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు అర్మాస్, కళ్ళముందే ఉన్నా నమ్మలేక.

"నేనే. బండి నాదే. వేసవిలో చిత్తడి నేలల్లో ఏరిన హిల్లా పళ్ళు అమ్మిన డబ్బు నా దగ్గరుంది, నువ్వు పట్నం దారిలో ఉండగా తెన్హోకి ఫోన్ చేసి దాంతో కొనుక్కున్నా."

"మరి కౌకో షెడ్డులో ఎందుకు పెట్టావు?"

"మన ముంగిట్లో దింపితే ఏం జరిగేది? ఒకసారి చూస్తానని నువ్వు ముందు సీట్లో కూర్చునేవాడివి. మంచు కరిగేదాకా దిగేవాడివి కాదు."

అది అక్షరాలా నిజం.

"కౌకోకి తుంటి బాగయ్యేదాకా డాక్టరు బండి నడపొద్దన్నాడు. వలలు తీయించడానికి తీసుకుపోతున్నా, దారిలో నాకు నడపడం నేర్పుతున్నాడు. షెడ్డు దగ్గర జాడ చూసే ఉంటావుగా. పెద్ద బూట్లూ కర్రల చిల్లులూ వెనక వైపున్నాయి కదా. చదవలేదూ?"

"చదివా," అన్నాడు అర్మాస్. "తప్పు చదివా."

హెల్వి తాడు తీసి చుట్ట విప్పింది. విసరలేదు. చేతిలోనే పట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. రేనో స్వెట్టర్ సంగతేంటి? ఇంపి కిటికీ కింద మూడుసార్లు బండెందుకు పెట్టావు? మన సౌనా కప్పుకి లేని చెయ్యి ఆ కప్పుకి ఎలా వచ్చింది?" తాడును చేతికి ఒక చుట్టు చుట్టుకుంది. "రాత్రంతా పడుకోలేదు నేను. చెప్పాకే తాడు."

గాలాల దగ్గర ఒకరికి చేప పడింది. అతను లాగలేదు, చప్పుడవుతుందని.

"ఆ కొట్టం చాటు నుంచి కౌకో షెడ్డు కనిపిస్తుంది," అన్నాడు అర్మాస్. "ఇంపి చూసింది. కప్పు చూస్తున్నానని అబద్ధమాడా. ఎక్కమంది. ఎక్కితే సరస్సు కూడా కనిపించింది. నిన్ను చూద్దామని వంగి పడిపోయా."

"నన్నెందుకు చూడడం?"

ఊరంతా వింటోంది. ఆ ఊళ్ళో ఇలాంటి మాటలు సౌనా చీకట్లో కూడా చెప్పుకోరు. అర్మాస్ నీళ్ళలో ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడ్డాడు.

"కౌకోతో పోతావేమోనని. రెండు సీట్లు నువ్వడిగావు, వాడు కొన్నాడనుకున్నా. నువ్వు లేకపోతే నాకు ఏం చేయాలో తెలీదు, హెల్వీ. భయమేసింది."

ముప్పై ఏళ్ళలో అతను ఇంత పొడుగు మాట చెప్పడం హెల్వి వినలేదు. ముక్కు తుడుచుకుని తాడు విసిరింది.

"నాతోనా?" అన్నాడు కౌకో వెనక నుంచి. "ఆమె తోలే తోలుడుకి నా కొత్త తుంటి ఊడిపోయేలా ఉంది. నీ పెళ్ళాన్ని నువ్వు తీసుకుపో, నీకు దండం పెడతా. నేను నడిచి పోతా."

ఇంపి ఇదంతా విని, కమ్మలు తీసి జేబులో వేసుకుంది.

"స్వెట్టర్ ఉతికి పంపించు," అంది అర్మాస్‌తో. తర్వాత బండి దిగడానికి అవస్థ పడుతున్న కౌకో మోచెయ్యి పట్టుకుంది. "పద, కాఫీ ఉంది. నీ కప్పు మీద మంచు ఎవరు దులుపుతారు?"

"ఎవరూ లేరు," అన్నాడు కౌకో దిగులుగా.

పసుపు బండిని టూరింగ్ బండి బురదలోంచి లాగి బయట పడేసింది. మోటారులోకి నీళ్ళు పోయాయి, అది ఇక పలకలేదు. దాన్ని తాడుతో వెనక కట్టారు. అర్మాస్ బూట్లలోంచి నీళ్ళు వొంపేసి, అలవాటు కొద్దీ టూరింగ్ బండి ముందు వైపుకు నడిచి, హ్యాండిల్ పక్కన నిలబడ్డాడు. హెల్వి హెల్మెట్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే ఉంది. జరగలేదు. అతను కాసేపు చూసి, చుట్టూ తిరిగి వెళ్ళి వెనక ఎక్కాడు.

హెల్వి తాళం తిప్పబోయి ఆగింది.

"నిజంగానే భయమేసిందా?" అంది హెల్వి తల తిప్పకుండా.

"వేసింది."

"నాకు కూడా," అంది. "ఇంపి రొట్టెలు బాగా చేస్తుంది."

అర్మాస్ నవ్వబోయాడు. ఈలోగా బండి కదిలింది. కొమ్మల వెంట తిన్నగా పోతుందనుకున్నాడు గానీ, హెల్వి ఇంటి దారి వదిలేసి దీవి చుట్టూ తిరిగే వెడల్పాటి దారి పట్టింది. గాలి చెవుల్లో హోరుమంది. ఒడ్డునున్న చెట్లు కలిసిపోయి ఒకే గీతలా కనిపించాయి.

"నెమ్మదిగా," అని ఆమె వీపు వెనక నుంచి కేకేశాడు.

"ఏంటి?" అని అరిచి, హెల్వి ఇంకాస్త వేగం పెంచింది.

ఆమెను గట్టిగా పట్టుకుని కూర్చోవడం తప్ప అర్మాస్‌కు వేరే దారి లేకపోయింది.